ఎర్రర్ రాకుండా చేశాను

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అబద్ధం అని కూడా అనలేను. ఆ రోజు నేను చెప్పిన ప్రతి మాటా నిజమే. అందుకే దానికి అంత బరువు. ఉత్త అబద్ధమైతే ఎక్కడో ఒకచోట పట్టుబడి, నాలుగు తిట్లు తిని, ఈపాటికి తేలికపడి ఉండేవాణ్ణి. నేను నిజాల్లోంచి నాకు పనికొచ్చేవి ఏరుకుని, వాటితో ఒక మనిషిని ముంచాను. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నయం. తెలిస్తే మీలో ఏదో ఒక వంక వెతికి మిమ్మల్నీ చులకన చేసేవాణ్ణి. అది నా జబ్బు. నా పేరు రాయడం లేదు. ఎందుకో మీరు ఊహించగలరు. పిరికితనానికి వేరే ముద్దుపేరు పెట్టే ఓపిక ఇప్పుడు నాకు లేదు.

అల్లూరు దగ్గర ఒక కంపెనీలో కంప్యూటర్లు చూసేవాణ్ణి. రొయ్యలు పెంచే రైతులకు రొయ్యపిల్లలూ మేతా ఇచ్చే కంపెనీ అది. గుంటల్లో రొయ్యకి రోగం ఉందో లేదో చూడటానికి ఒక చిన్న ల్యాబు కూడా ఉండేది. మేనేజరు సుధాకర్ గారు నెల్లూరు ఆఫీసులో చల్లటి గదిలో కూర్చునేవాడు. రొయ్య మొహం చూసి ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియదు. ఆయన తుమ్మితే చిరంజీవ అనడానికి ఇద్దరు, ఆయన జోకులకి నవ్వడానికి ముగ్గురు. నేను నవ్వేవాణ్ణి కాదు. నాకు ఆయనంటే కూడా చులకనే. కాకపోతే అది లోపల దాచుకునేవాణ్ణి. కిందివాళ్ల మీద చులకన మాత్రం దాచుకోవాల్సిన అవసరం రాలేదు.

నేనేదో పెద్ద ఇంజనీరుననుకోకండి. నెల్లూరులో మెట్లెక్కి మేడ మీద గదిలో నేర్చుకున్న ఆరు నెలల కోర్సు, అంతే. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. ఆ ఆఫీసులో ఆ ఆముదం చెట్టుని నేను.

మెయిల్ పోకపోతే మనుషులు ఏం చేస్తారో మీరు చూసే ఉంటారు. పంపే బటన్ పదిసార్లు నొక్కుతారు. తెర మీద ఎర్రర్ డబ్బా వస్తుంది. అందులో ఏం రాసుందో చదవరు. చదివితే నేరమన్నట్టు గబుక్కున మూసేసి, "సార్, ఏందో వచ్చినాది" అంటారు. ఏం వచ్చిందయ్యా అంటే తెలియదు. స్టోర్స్ చూసే ఆయన ఒకడు మానిటర్ ఆర్పేసి కంప్యూటర్ ఆపేశాననుకుని ఇంటికి పోయేవాడు, ఏడాది పొడుగునా. ఇలాంటివాళ్ల మధ్య నేను తొమ్మిదింటికి వచ్చి ఆరింటికి పోయేవాణ్ణి. నా మొహంలో నవ్వు చూసినవాళ్లు తక్కువ.

ఎర్రర్‌ని చదివే మనిషి ఆ ఆఫీసులో ఒకే ఒక్కరు. ల్యాబులో ఎస్తేరు. నా కథ ఆమెతోనే.

ఎస్తేరుది మా ఆఫీసుకి దగ్గర్లోని పల్లె. డిగ్రీ చదివింది. అక్కడి చర్చిలో ఆదివారం పాట ఎత్తుకునేది ఆమేనట. ల్యాబులో తన బల్ల మీద ఒక పొడుగాటి నోటు పుస్తకం పెట్టుకునేది. పంపిన ప్రతి మెయిలూ అందులో చేత్తో రాసేది. ఏ టైముకి పంపింది, ఎవరికి, దేని గురించి. మెయిల్ అవుట్‌బాక్స్ దాటి వెళ్లిందని కళ్లతో చూసుకున్నాక పక్కన ఒక టిక్కు పెట్టేది. వెళ్లకపోతే ఎర్రర్‌లో ఏం రాసుందో అక్షరం పొల్లు పోకుండా ఎక్కించేది. ఎవరికి చెప్పింది, వాళ్లేమన్నారు, అదీ రాసేది.

ఆ పుస్తకాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. ఎందుకు మండేది? అప్పుడైతే, కంప్యూటర్ చేసే పనికి మళ్లీ కాయితమేంటి, పల్లెటూరి మేళం అని చెప్పి ఉండేవాణ్ణి. అందరి ముందూ అలాగే అన్నాను కూడా. ఇప్పుడు తెలుస్తోంది. ఆ ఆఫీసులో నా పనికి కొలత అంటూ ఒకటుంటే అది ఆ పుస్తకమే. నేను "వస్తాలే" అని ఎన్నిసార్లు అన్నానో, ఎన్నిసార్లు రాలేదో, అందులో ఉంది.

గోడ మీద కాయితం సంగతి కూడా చెప్పాలి. అంతకుముందు ఏడాది ల్యాబులో పనిచేసిన ఒకతను ఒక గుంటకి తెల్లమచ్చ రోగం వచ్చిందని రైతుకి ఫోనులో అరిచి చెప్పాడు. పక్కన ఉన్న రొయ్యల వ్యాపారి విన్నాడు. సాయంత్రానికల్లా ఆ చుట్టుపక్కల రొయ్యనంతా తక్కువకి అడగడం మొదలుపెట్టారు. దాంతో సుధాకర్ గారు ఒక రూలు పెట్టాడు. రోగం రిపోర్టు ఫోనులో చెప్పకూడదు, ఎవరికీ, సొంతవాళ్లకైనా సరే. మేనేజరుకి మెయిల్ చేయాలి. ఏం చేయాలో ఆయన చెప్తాడు. ఆ రూలు టైపు చేసి, పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి, ల్యాబు గోడకి అంటించింది నేనే. కింద "ఉల్లంఘించినవారిపై చర్య తీసుకోబడును" అన్న ముక్క నా సొంతం. ఆయన చెప్పలేదు. నాకే రాయాలనిపించింది.

ఆ సోమవారం పొద్దున రోడ్డు పక్కన తవ్వేవాళ్లు కేబుల్ తెంపేశారు. మెయిల్ సర్వర్ అందకుండా పోయింది. ఇక చూడండి. అన్ని కంప్యూటర్ల మీదా ఒకటే డబ్బా. సర్వర్ అందుబాటులో లేదు, కనెక్షన్ సరిచూసుకోండి, మళ్లీ ప్రయత్నించండి. ఐదు నిమిషాలకోసారి టింగుమని వచ్చేది. డబ్బా వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు నా దగ్గరికి వచ్చేవారు. ఎస్తేరు పుస్తకం పట్టుకుని వచ్చింది. ఎర్రర్ మొత్తం చదివి వినిపించింది. విని తీరాలా నేను? నాకు తెలియదా?

ల్యాబుకి వెళ్లాను. వెళ్లి, మెయిల్ ప్రోగ్రాంలో ఆఫ్‌లైన్‌లో పనిచేయి అని ఒక ఎంపిక ఉంటుంది, అది నొక్కాను. అది నొక్కితే ప్రోగ్రాం ఇక సర్వర్ జోలికే పోదు. పోదు కాబట్టి ఎర్రర్ రాదు. మెయిళ్లు అవుట్‌బాక్స్‌లో కూర్చుంటాయి. మళ్లీ మనం తీసేదాకా అంతే. సర్వర్ వచ్చాక దాన్ని తీసేయాలి. తీయడానికి ఒక్క నొక్కు చాలు. ఆ సంగతి ఎస్తేరుకి చెప్పలేదు. చెప్తే ఆమె నేర్చుకుంటుంది కదా. "ఇప్పుడు ఎర్రర్ రాదు. సర్వర్ వస్తే దానంతటదే పోతాది" అని చెప్పి వచ్చేశాను.

రోగాన్ని చూడటం డాక్టరు పని. రోగి నోరు నొక్కడం నేను చేసిన పని.

పదకొండింటికి కేబుల్ అతికించారు. అందరి మెయిళ్లూ వెళ్లిపోయాయి. నేను టీ తాగాను. ల్యాబు కంప్యూటర్ సంగతి గుర్తు రాలేదు. ఇంతవరకూ తప్పే కానీ పాపం కాదు. మరుపు ఎవరికైనా ఉంటుంది. నేను ఇక్కడే ఆగిపోతే మీకు ఈ కాయితం రాయాల్సిన పనే లేదు.

మధ్యాహ్నం ఎస్తేరు ఒక శాంపిల్ పరీక్ష చేసింది. వాళ్ల పల్లె వైపే, కాలవకి పైన ఉన్న గుంటది. తెల్లమచ్చ తేలింది. అది గాలివాన కన్నా చెడ్డది. ఒక గుంటలో పడితే ఆ నీళ్లు పోయిన చోటల్లా పడుతుంది. అలాంటప్పుడు పై గుంటవాడు నీళ్లు కాలవలోకి వదలకుండా ఆపాలి, కింది గుంటలవాళ్లు మోటార్లు వేసి ఆ కాలవ నీళ్లు తోడుకోకుండా చూడాలి. టైముకి మాట అందితే ఒక్క గుంటతో పోతుంది. అందకపోతే వరసంతా పోతుంది. ఎస్తేరు వెంటనే మేనేజరుకి మెయిల్ పెట్టింది. అది అవుట్‌బాక్స్‌లో పడుకుంది.

ఒకసారి వచ్చి చెప్పింది. సర్వర్ స్లోగా ఉందన్నాను. చూడలేదు, ఊరికే అన్నాను. మూడున్నరకి మళ్లీ వచ్చింది. ఆ మాటలు నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి.

"సార్, ఎర్రర్ రావడంలా. మెయిల్ కూడా పోలా. అవుట్‌బాక్స్‌లోనే ఉండాది."

"పోతాదిలే."

"స్టోర్స్ వాళ్లవి పోతా ఉండాయంట గదా సార్. నాదొక్కటే పోలేదు. ఒక్కసారి వచ్చి చూడండి."

"ఏంది, నాకు పని నేర్పిస్తా ఉండావా?"

"అది కాదు సార్. తెల్లమచ్చ వచ్చినాది. ఆయన నీళ్లు వదిలినాడంటే కింద గుంటలన్నీ పోతాయి. మేనేజర్ సారుకి ఫోన్ చేసి చెప్పేదా?"

"గోడ మీద కాయితం కనపళ్లా నీకు?"

"కనపడింది గాబట్టే అడగతా ఉండా సార్."

అప్పుడు నేను నవ్వాను. నేను నవ్వే సందర్భాలు ఇలాంటివే. "మీ అన్న గుంట కూడా ఆ కాలవ మీదే గదా. అందుకా ఇంత తొందర? కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా. పో, పోయి పని చూసుకో."

ఆమె మొహం ఎర్రబడింది. "అట్టనుకుంటే మా అన్నకి కూడా చెప్పను సార్" అని వెళ్లిపోయింది.

చెప్పలేదు కూడా. ఆమె అన్న దానియేలుది ఒకే గుంట, కాలవకి కింది వైపు. రెండు రోజులు అదే ఇంట్లో అన్నం తింటూ, అదే వాకిట్లో కూర్చుంటూ, అన్నతో ఒక్క మాట అనలేదు. రూలుకి లోబడి కాదేమో, నా ఎత్తిపొడుపుకి రోషపడి. లేదా రెండూనేమో. ఆమె మనసు గురించి ఊహించే హక్కు నాకు లేదు.

మంగళవారం పొద్దున ఆమె పుస్తకం పట్టుకుని వరండాలో వస్తూ కనిపించింది. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుతున్నట్టు నటించాను. అవతల ఎవరూ లేరు. ఆమె తలుపు దగ్గర చాలాసేపు నిలబడి తిరిగి వెళ్లింది. ఇది రాస్తుంటే నాకు నా మీద కోపం రావడం లేదు. రోత పుడుతోంది.

ఆ సాయంత్రం పై గుంటవాడు రొయ్య తేలిపోతోందని చూసి, గుట్టు చప్పుడు కాకుండా నీళ్లన్నీ కాలవలోకి వదిలేశాడు. బుధవారం పొద్దున కింది వాళ్లు ఎప్పట్లాగే మోటార్లు వేసుకుని ఆ నీళ్లే తోడుకున్నారు. మస్తానయ్య అని ఒక రైతు ఉండేవాడు, ఆయనవి ఐదు గుంటలు. ఐదింటికీ తోడుకున్నాడు. మధ్యాహ్నానికి మా ఫీల్డు మనిషి ఎండిన పై గుంటని చూసి నెల్లూరుకి ఫోన్ చేశాడు. సుధాకర్ గారు ల్యాబు రిపోర్టు ఏదని అరుస్తూ కారెక్కాడు.

ఆయన రావడానికి ముప్పావుగంట పడుతుంది. ఎస్తేరు శాంపిళ్ల కోసం గుంటల మీదికి వెళ్లింది. ల్యాబులో ఎవరూ లేరు. నేను లోపలికి వెళ్లాను. ఆమె కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కింద కుడి మూలన చిన్న అక్షరాలు కనిపించాయి. ఆఫ్‌లైన్.

అవుట్‌బాక్స్ తెరిచాను. ఆమె మెయిల్ ఉంది. సోమవారం మధ్యాహ్నం రాసింది. దాని కింద మళ్లీ రాసింది ఒకటి. మంగళవారానిది మరొకటి. మూడూ మేనేజరుకే. మూడింటి మీదా పెద్ద అక్షరాల్లో రోగం పేరు.

అప్పుడు ఏం చేసి ఉండాల్సిందో మీకూ తెలుసు. ఆ తెరని అలాగే ఉంచి, సుధాకర్ గారు రాగానే, "నా తప్పు సార్" అని ఉండాల్సింది. ఉద్యోగం పోయేదేమో. పోతే పోయేది. నెల్లూరులో ఇంకో మేడ మీద ఇంకో గదిలో ఇంకో ఉద్యోగం దొరికేది. అంత చిన్న దానికి అంత భయపడ్డానా? అవును. కాదు, ఉద్యోగానికి కూడా కాదు. మానిటర్ ఆర్పి ఇంటికెళ్లే స్టోర్స్ మనిషి నన్ను చూసి నవ్వుతాడని భయపడ్డాను. నిజం ఇది. ఇంత నీచమైన కారణం ఉంటుందని మీరు అనుకోలేదు కదూ? నేనూ చాలా ఏళ్లు అనుకోలేదు. పెళ్లాం పిల్లలు అని ఏవేవో చెప్పుకున్నాను.

మా పనిలో ఒక అలవాటుంది. మెయిల్ ప్రోగ్రాం ఎంతకీ మాట వినకపోతే పాత ప్రొఫైల్, అంటే ఆ మనిషి మెయిళ్లూ సెట్టింగులూ ఉండే మూట, తీసేసి కొత్తది కడతాం. పాత సెట్టింగులూ పోతాయి, చిక్కులూ పోతాయి. ఎవరూ అడగరు. రోజూ చేసే పనే. నేను ఆమె ప్రొఫైల్ తీసేశాను. కొత్తది కట్టాను. పాత మెయిళ్లన్నీ జాగ్రత్తగా కొత్తదాంట్లోకి ఎక్కించాను. వచ్చినవి, పంపినవి, ఒక్కటి పోకుండా. అవుట్‌బాక్స్ మాత్రం ఎక్కించలేదు. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు. కారు హారన్ వినిపించేసరికి అయిపోయింది.

విచారణ అనాలా దాన్ని? సుధాకర్ గారి ఆవేశం, అంతే. ల్యాబు రిజిస్టరులో సోమవారం నాడే తెల్లమచ్చ అని ఆమె రాతలో ఉంది. అంటే ఆమెకి తెలుసు. మెయిల్ ఏది? ఆమె మూడుసార్లు పంపానంది. కంప్యూటర్‌లో చూశారు. లేదు. సర్వర్‌లో చూడమన్నారు, చూశాను. "సర్వర్‌కి రాలేదు సార్" అన్నాను. నిజమే. "సోమవారం పదకొండు నించి అందరి మెయిళ్లూ పోయినాయి సార్." నిజమే. "ప్రొఫైల్ కొంచెం తేడాగా ఉంటే కొత్తది కట్టినాను. వచ్చినవి, పంపినవి అన్నీ వెనక్కి తెచ్చినాను. అందులో లేవు." చూశారా, అది కూడా నిజమే.

ఆమె పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. తెరిచి చూపించింది. సోమవారం మూడున్నర, సారుకి చెప్పినాను, ఫోన్ చేయవద్దన్నారు అని రాసుంది. సుధాకర్ గారు నా వైపు తిరిగాడు. నిన్ను అడిగిందా అన్నాడు.

"మెయిల్ పోలా, మెయిల్ పోలా అని రోజుకి పదిసార్లు అడగతాది సార్" అన్నాను. "చేత్తో రాసింది ఎప్పుడైనా రాసుకోవచ్చు. కంప్యూటర్ అబద్ధం చెప్పదు."

ఆమె నా వైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పుస్తకం అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. ఆ పుస్తకాన్ని నేను తీసుకున్నాను. ఎవరూ అడగలేదు. ఇప్పటికీ నా బీరువాలో చొక్కాల కింద ఉంది.

ఉద్యోగం పోవడంతో ఆగలేదు. వారం తిరక్కుండా కాలవ కింద గుంటలన్నీ పోయాయి. మస్తానయ్య ఐదు గుంటల్లోనూ రొయ్య ఎర్రబడి గట్లకి కొట్టుకొచ్చింది. ఒక్క గుంట మాత్రం నిలబడింది. దానియేలుది. ఆ బుధవారం అతను నీళ్లు తోడుకోలేదు. ఎందుకు తోడుకోలేదు? ఊరు క్షణంలో తేల్చేసింది. చెల్లెలు ముందే చెప్పింది. తనవాణ్ణి కాపాడుకుని ఊరిని ముంచింది. రిపోర్టు అందుకే దాచింది.

దానియేలు తన మోటారు చెడిపోయిందని మొత్తుకున్నాడు. కాయిల్ కాలితే అల్లూరులో వైండింగ్ షాపుకి ఇచ్చానన్నాడు. వినేదెవరు? ముందే అనుకుని మోటారు విప్పేశారన్నారు. మస్తానయ్య వాళ్ల వాకిట్లోకి వచ్చి, "మీ గుంట పచ్చంగా ఉండాది, మావి కంపు కొడతా ఉండాయి, ఏ దేవుడు చెప్పినాడమ్మా ఇట్ట చేయమని" అని అడిగాడట. చర్చిలో ఆమె కూర్చునే చాప మీద పక్కన ఎవరూ కూర్చోలేదట. ఆమె పాట ఎత్తుకుంటే వెనక గొంతులు కలవలేదట. రెండు ఆదివారాలు ఒంటరిగా పాడి, మూడో ఆదివారం రాలేదట. ఈ 'అట'లన్నీ నాకు టీ కొట్టు దగ్గర చేరాయి. విని, నేనూ నాలుగు తలలతో పాటు తల ఊపాను.

ఇప్పుడు చెప్పబోయేది ఇంకా చిన్న విషయం. నన్ను ఎక్కువ తినేది మాత్రం అదే. ఆ మోటారుని నేను చూశాను. సోమవారానికి రెండు రోజుల ముందు, శనివారం, ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు బాగు చేయించడానికి అల్లూరులో అదే షాపుకి వెళ్లాను. దానియేలు అక్కడ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. అతని మోటారు విప్పి నేల మీద ఉంది. "కాలిపోయిందన్నా, పది రోజులు పడతాదంట" అని నాతోనే అన్నాడు. అంటే శాంపిల్ ల్యాబుకి రాకముందే అతని మోటారు షాపులో ఉంది. ఆ ఒక్క ముక్క నేను టీ కొట్టు దగ్గర అని ఉంటే చాలు. నా తప్పు బయటపడక్కర్లేదు. నా ఉద్యోగం కదలదు. ఆ అన్నాచెల్లెళ్ల పేరు నిలబడేది.

అయినా అనలేదు. ఎందుకు? చాలా ఏళ్లు నన్ను నేను అడిగాను. ఆమె మంచిదని ఒక్కసారి తేలితే తర్వాత ప్రశ్న మెయిల్ ఏమైందని వస్తుంది, అందుకని. ఇది తెలివైన జవాబు. ఇంకో జవాబు కూడా ఉంది. నేను ముంచిన మనిషి చెడ్డదని అందరూ అంటుంటే నాకు హాయిగా ఉండేది. దొంగకు తేలు కుట్టినట్టు అంటారు. నాకు తేలు కుట్టిన నొప్పి కూడా తెలియలేదు చాలా రోజులు.

ఆ ఏడాది సుధాకర్ గారు నా జీతం పెంచాడు. పోయిన మెయిళ్లు వెనక్కి తెచ్చే మొనగాడినని నెల్లూరు ఆఫీసులో చెప్పుకున్నాడు. అంత తెలివిగల మనిషి ఆయన. తర్వాత కొన్నాళ్లకి అల్లూరు ఆఫీసు మూసేశారు. మస్తానయ్య గుంటలు అమ్ముకుని, వేరేవాళ్ల గుంటల మీద కాపలా పనికి కుదిరాడు. ఎస్తేరు ఊరు విడిచి వెళ్లిందని విన్నాను. ఎక్కడికని అడగలేదు. నేను కావలిలో ఒక చిన్న షాపు పెట్టుకుని, పిలిచిన చోటికి వెళ్లి కంప్యూటర్లు బాగు చేస్తున్నాను.

పోయిన నెల బిట్రగుంట నుంచి ఫోను వచ్చింది. రైల్వే కాలనీ పక్కన ఒక చిన్న ప్రైవేటు స్కూలు. మెయిల్ పోవడం లేదు, సర్వర్ అందుబాటులో లేదని వస్తోంది, పిల్లల పరీక్షల పట్టిక ఈ రోజే పంపాలి, రమ్మన్నారు. ఆఫీసు గది తలుపు తోశాను. కంప్యూటర్ ముందు ఎస్తేరు.

జుట్టు కొంచెం నెరిసింది. అద్దాలు వచ్చాయి. నన్ను గుర్తుపట్టింది. కుర్చీలోంచి లేచి పక్కకి జరిగింది. నమస్కారం లేదు, ఎలా ఉన్నారని లేదు. గోడ వైపు చెయ్యి చూపించింది.

"అది చదివి మొదలుపెట్టండి సార్."

గోడ మీద ఒక కాయితం. టైపు కాదు, ఆమె చేతి రాత. మెయిల్ పోకపోతే ఏం చేయాలో వరసగా రాసుంది. ఎర్రర్ మూయకుండా మొత్తం చదవాలి. కింద కుడి మూలన ఆఫ్‌లైన్ అని ఉందేమో చూడాలి. పక్క కంప్యూటర్ నుంచి పోతోందో లేదో చూస్తే తప్పు మనదా సర్వర్‌దా తెలుస్తుంది. నాలుగో వరసలో, బాగు చేయడానికి వచ్చినవారు ఎవరైనా సరే, అవుట్‌బాక్స్‌లో ఉన్నవి మన కళ్ల ముందు కాపీ చేయకుండా ప్రొఫైల్ తీయనివ్వకూడదు. ఆఖరున, పని తొందరదైతే మెయిల్ కోసం కూర్చోవద్దు, ఫోన్ చేయాలి. ఎవరినీ అడగక్కర్లేదు.

నాలుగో వరస దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. ఆమెకి తెలుసు. ఎప్పటి నుంచో తెలుసు. ప్రొఫైల్ కొత్తది కట్టానని ఆ రోజు నేనే గొప్పగా చెప్పాను కదా. కాస్త పని తెలిసిన మనిషికి మిగతాది అర్థం కావడానికి ఎంతసేపు? తెలిసి కూడా నా దగ్గరికి రాలేదు. అడగలేదు. తిట్టలేదు. నేను ఇన్నేళ్లూ అందర్నీ చులకన చేశాననుకున్నాను. చులకన అంటే ఏమిటో ఆ గదిలో తెలిసింది. అడగడానికి కూడా పనికిరాని వాడిగా ఆమె నన్ను వదిలేసింది.

కూర్చున్నాను. ఆమె నా కుడి పక్కనే నిలబడింది. నేను పనిచేసినంతసేపూ కదల్లేదు. ఎవరో టీ తెచ్చి పిలిచినా వెళ్లలేదు. నేను మౌసు ఎక్కడికి జరిపితే ఆమె చూపు అక్కడికి జరిగింది. ఆఫ్‌లైన్ లేదు. సెట్టింగులన్నీ సరిగ్గా ఉన్నాయి. పక్క కంప్యూటర్ నుంచీ పోవడం లేదు. సర్వర్ నిజంగానే లేదు. అవతలివాళ్లు దాన్ని లేపేదాకా నేను చేయగలిగిందేమీ లేదు. ఆ మాటే చెప్పాను.

ఆమె వెంటనే ఫోన్ తీసి, పట్టిక పంపాల్సిన చోటికి చేసి, సర్వర్ పోయిందనీ మనిషి చేత కాయితం పంపుతున్నామనీ చెప్పేసింది. అర నిమిషం కూడా పట్టలేదు. తర్వాత సొరుగు లాగింది. పొడుగాటి నోటు పుస్తకం తీసి నా ముందు పెట్టింది.

"ఏం చూసినారో, తప్పు ఏందో రాసి సంతకం పెట్టండి సార్."

చెప్పాలనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఎస్తేరమ్మా అని నోటి దాకా వచ్చింది. ఆమె మూత తీసిన పెన్ను నా వైపు పట్టుకుని నిలబడి ఉంది, నా మొహం వైపు చూడకుండా. రాశాను. సర్వర్ లేదు. తప్పు ఈ కంప్యూటర్‌ది కాదు. కింద సంతకం. ఆమె అది రెండుసార్లు చదివి, పక్కన టైము వేసుకుని, పుస్తకం మూసింది. నేను మెట్లు దిగి వచ్చేశాను.

ఇంటికి వచ్చి బీరువా తెరిచి పాత పుస్తకం బయటికి తీశాను. ఆ సోమవారం పేజీలో ఆమె రాసిన వరస పక్కన టిక్కు పెట్టే చోటు ఖాళీగా ఉంది. ఈ కాయితానికి నకలు తీసి ఆ పుస్తకంలో పెట్టి, ఊరి నింద మోసిన దానియేలుకి పంపుతాను. పంపుతానని రాస్తున్నాను, అంత ధైర్యం రేపటికి ఉంటుందో లేదో నాకు తెలియదు, అందుకే ముందు మీకు చెప్తున్నాను. ఆమె క్షమిస్తుందని కాదు. అడగను కూడా. స్కూలు పుస్తకంలో రాయాల్సింది సగమే రాసి వచ్చాను, మిగతా సగం ఎక్కడో ఒకచోట రాయాలి.

ఆ సోమవారం మధ్యాహ్నం సర్వర్ ఉంది. కంప్యూటర్ బాగుంది. మెయిల్ ఎస్తేరు పంపింది, మూడుసార్లు. దాన్ని ఆపింది నేను. చెరిపింది నేను.